బళ్లారి మీదుగా వెళ్ళిన విమానం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



విమానయాన సంస్థల విజయంలో వాటి ఆశయాలకు, ధ్యేయాలకు ఉన్న పాత్ర అని నా ప్రసంగ విషయాన్ని ఆహ్వానపత్రంలో చూసి కొందరు నవ్వుకొనే ఉంటారు. ముప్పై ఏళ్ళుగా సాంఘిక శాస్త్రం చెప్పుకుంటున్న పంతులమ్మకు విమానాలతో ఏమి పని అని అనుకోవడం సహజమే. నేను విమానమెక్కినది కూడా ఒక్కసారే, కూతురి పురిటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు. అయినా ఈ విషయాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉన్నది. జూబ్లీ సంచిక కమిటీ వారు రెండు నెలల క్రితం నా వద్దకు వచ్చి, మొదటి పుటలో వేయడానికి పాఠశాల ధ్యేయాన్ని నాలుగు వాక్యాలలో వ్రాసి ఇమ్మన్నారు. ఆ రాత్రి కూర్చుని వ్రాశాను. విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధి, విలువలతో కూడిన విద్య, ఉత్తమ పౌరుల నిర్మాణం. వ్రాసిన తరువాత చదువుకుంటే ఆ వాక్యాల పైన ఏ పాఠశాల పేరు వేసినా సరిపోయేటట్లు ఉన్నవి. కాగితం చింపివేశాను.

వ్యాపార సంస్థలలో ధ్యేయ ప్రకటన అనే ఆచారం బాగా ఉన్నదనీ, వాటిని చూస్తే నాకు దారి దొరకవచ్చుననీ ఒక పూర్వ విద్యార్థి సలహా ఇచ్చాడు. అతడు బెంగుళూరు విమానాశ్రయంలో సామాను విభాగంలో పనిచేస్తున్నాడు. అతడి మాట పట్టుకొని గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు చదివాను. చదువుతూ పోగా మొదటి మజిలీ మన ఊరే అయింది.

1932 అక్టోబరు 15వ తేదీ ఉదయం కరాచీలో జె.ఆర్.డి. టాటా పస్ మాత్ అనే చిన్న విమానంలో తపాలా సంచులతో బయలుదేరారు. అహ్మదాబాదులో ఆగి, ఎడ్లబండి మీద డబ్బాలలో తెచ్చిన పెట్రోలు నింపుకొని, మధ్యాహ్నానికి బొంబాయిలోని జుహూ మైదానంలో దిగారు. అక్కడ తపాలాను నెవిల్ విన్సెంట్ అందుకొని, బళ్లారి మీదుగా మరునాటికి మదరాసు చేరారు. ఆనాడు మన ఊరు మదరాసు రాజధానిలోని ఒక జిల్లా కేంద్రం. లండను నుండి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు కరాచీ దాకా తెచ్చి వదిలిన ఉత్తరాలు దక్షిణ దేశానికి గాలిలో వచ్చిన దారి మన నెత్తిమీదుగా పోయినదన్న మాట. నేను ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి కూడా ఈ సంగతి పిల్లలకు ఒక్కనాడైనా చెప్పలేదు. నాకే తెలియదు మరి.

ఆ సంస్థ స్థితిగతులు గమనించండి. పెట్టుబడి రెండు లక్షల రూపాయలు. చేతిలో ఉన్నవి రెండు పస్ మాత్‌లు. జుహూలో కార్యాలయం ఒక తాటాకుల షెడ్డు. విమానంలో రేడియో లేదు, నేల మీద దారి చూపే సాధనం లేదు. ప్రభుత్వం నుండి సబ్సిడీ కూడా లేదు. ఎన్ని పౌన్ల తపాలా మోస్తే అంతకు కూలి, అంతే. వానాకాలంలో జుహూ మైదానం బురద గుంట అయ్యేది. అప్పుడు విమానాలను పూనాకు మార్చుకొనేవారు. పడమటి కనుమల మీద వర్షాకాలపు మేఘాలలో చిన్న విమానం నడపడం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. అయినా మొదటి సంవత్సరం ముగిసేసరికి ఆ సర్వీసు నూరు శాతం వేళకు నడిచినదని ప్రభుత్వ పౌర విమానయాన శాఖ తన నివేదికలో మెచ్చుకొన్నది. ఆ ఒక్క సంవత్సరంలో 1,60,000 మైళ్ళు తిరిగి, 155 మంది ప్రయాణికులను, సుమారు పది టన్నుల తపాలాను మోసి, 60,000 రూపాయల లాభం తీసినది.

ఆ తాటాకుల షెడ్డులో గోడకు ధ్యేయ ప్రకటన ఏదైనా వ్రేలాడినదా అని నాకు సందేహం కలిగినది. అటువంటిది ఉన్నట్లు నేను చదివిన వాటిలో ఎక్కడా కనబడలేదు. ఉన్నది ఒక్కటే పట్టుదల: ఉత్తరం చెప్పిన వేళకు చేరాలి. విమానాన్ని ఎక్కడ నిలపాలి, వానలో ఏ ఊరికి మారాలి అన్న ప్రశ్నలన్నిటికీ ఆ పట్టుదలే జవాబు చెప్పినది.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పి ముందుకు పోతాను. 1930లో భారతదేశానికీ ఇంగ్లండుకూ మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయునికి 500 పౌన్ల బహుమానమిస్తామని ఆగాఖాన్ ప్రకటించారు. జె.ఆర్.డి. కరాచీ నుండి బయలుదేరారు. ఆస్పీ ఇంజనీర్ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు ఇంగ్లండు నుండి ఇటు వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్ వద్ద ఇద్దరూ తారసపడ్డారు. కుర్రవాడి విమానం స్పార్క్ ప్లగ్ చెడిపోయి నిలిచిపోయి ఉన్నది. జె.ఆర్.డి. తన వద్ద అదనంగా ఉన్న ప్లగ్ ఇచ్చి పంపారు. కొన్ని గంటల తేడాతో బహుమానం ఆ కుర్రవాడిదైనది. అతడే తరువాత మన వైమానిక దళాధిపతి అయినాడు. ఈ కథను పిల్లలకు చెప్పినప్పుడు ఏడవ తరగతి అమ్మాయి ఒకతె, "ప్లగ్ ఇవ్వకపోతే ఆయనే గెలిచేవారు కదా టీచర్?" అని అడిగినది. అవునమ్మా, గెలిచేవారు.

సరే, మళ్ళీ సంస్థ సంగతికి వస్తాను. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాగా మారినది. 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' అనే విమానం 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు వెళ్ళినది. 1953లో ప్రభుత్వం విమానయానాన్ని జాతీయం చేసినది. జె.ఆర్.డి.కి ఆ నిర్ణయం ఏమాత్రం నచ్చలేదు. నచ్చకపోయినా అధ్యక్ష పదవిని స్వీకరించి 1978 దాకా నడిపారు. ఈ కాలంలోనే ఎయిర్ ఇండియాకు ప్రపంచ ఖ్యాతి వచ్చినది. 1962 నాటికి అన్నీ జెట్ విమానాలే గల తొలి సంస్థలలో అది ఒకటి. జెనీవాలో ఎవరో వేళ ఎంతయిందని అడిగితే, పక్కవాడు కిటికీలోంచి చూసి, ఎయిర్ ఇండియా విమానం దిగినది కాబట్టి పదకొండు గంటలు అని చెప్పాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ కథే అనుకొన్నా, అటువంటి కథ పుట్టడానికైనా ఒక యోగ్యత ఉండాలి.

ఆ యోగ్యత ఎక్కడి నుండి వచ్చినదో తెలుసుకోవాలంటే జె.ఆర్.డి. తన ఉద్యోగులకు వ్రాసిన చీటీలు చూడాలి. విమానంలో ప్రయాణించిన ప్రతిసారీ ఆయన గమనించినవి వ్రాసుకొని, దిగగానే సంబంధిత అధికారులకు పంపేవారు. టీ ఎంత నల్లగా ఉన్నదంటే అది టీనో కాఫీనో రంగు చూసి చెప్పలేకపోతున్నామని ఒక చీటీ. కొన్ని కుర్చీలు ఎక్కువగా, కొన్ని తక్కువగా వాలుతున్నవని, అన్నీ ఒక్కలాగే సరిచేయించమని మరొక చీటీ. ఎన్నో కర్మాగారాలు గల ఒక మహా పారిశ్రామిక కుటుంబానికి పెద్ద, టీ రంగు గురించి ఉత్తరాలు వ్రాయడమా అని మొదట నాకూ ఆశ్చర్యం కలిగినది. తరువాత మన పాఠశాలే గుర్తుకు వచ్చినది. నల్లబల్ల మీద తేదీ మార్చని తరగతిలో పాఠం ఎలా సాగుతుందో అనుభవం గల ఉపాధ్యాయులందరికీ తెలుసు. శ్రేష్ఠత మా లక్ష్యం అని వంద సమావేశాలలో చెప్పవచ్చు. ఆ మాటను ఉద్యోగి నమ్మేది మాత్రం, తన టీ కెటిల్ సంగతి కూడా పైవాడు పట్టించుకుంటున్నాడని తెలిసినప్పుడే.

1978 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆయనను పదవి నుండి తొలగించినది. ఆ తరువాతి దశాబ్దాల కథ మీకు తెలిసినదే గనుక త్వరగా దాటివేస్తాను. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను అందులో కలిపారు. ఆ విలీనం తరువాత సంస్థ ఏటేటా నష్టాలలోనే నడిచినది. 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చినది. ఎగురవలసిన ఆకాశం అదే, మహారాజా బొమ్మ అదే, ఉద్యోగులలో దక్షులకు ఎన్నడూ కొదువ లేదు. పోయినది ఏమిటని అడిగితే, ఎవరి కోసం, దేని కోసం నడుపుతున్నామన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేకుండా పోవడమని నాకు తోస్తున్నది. మంత్రిత్వ శాఖకు ఒక జవాబు, యూనియన్లకు ఒకటి, విమానాలు కొనేవారికి ఒకటి, ప్రయాణికునికి మాత్రం ఏదీ లేదు. ఇది నా అభిప్రాయం. ఇంధనం ధర, అప్పులు, పోటీ వంటి కారణాలు కూడా ఉన్నవని అర్థశాస్త్రం చదివినవారు చెబుతారు. కాదనను.

2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిర్ ఇండియా విమానం లేచిన కొద్ది క్షణాలకే కూలి, అందులోని 242 మందిలో 241 మంది, నేల మీద మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. 1932లో ఎడ్లబండి మీద పెట్రోలు వచ్చిన ఊరే అది. మరునాటి ప్రార్థన సమావేశంలో మనమంతా రెండు నిమిషాలు మౌనంగా నిలిచాము. ధ్యేయం, ఆశయం అని ఇంత సేపు మాట్లాడుతున్న నేను, విమానయానంలో ఆ మాటల బరువు ఎంతటిదో మరువకూడదని ఇక్కడ దీనిని ప్రస్తావిస్తున్నాను.

ఇక రెండవ కథ. ఇది అమెరికా దేశంలోని టెక్సాస్ రాష్ట్రానిది. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అనే సంస్థను 1967లో రోలిన్ కింగ్, హెర్బ్ కెలెహర్ అనేవారు స్థాపించారు. పాత సంస్థలు కోర్టులకెక్కి అడ్డుకొన్నందువలన నాలుగేళ్ళకు గానీ, అంటే 1971 జూన్ 18 దాకా, దాని విమానం నేల విడువలేదు. డల్లస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో అనే మూడు ఊళ్ళ మధ్య తక్కువ ఛార్జీకి ప్రయాణికులను చేరవేయడం దాని పని. కారులోనో బస్సులోనో వెళ్ళే సామాన్యుడు విమానమెక్కాలి, అదే వారి సంకల్పం.

1972లో జీతాలివ్వడానికి డబ్బు లేక, ఉన్న నాలుగు విమానాలలో ఒకదానిని అమ్ముకోవలసి వచ్చినది. మామూలు లెక్క ప్రకారం నాలుగవ వంతు సర్వీసులు తగ్గించాలి, అంతమంది ఉద్యోగులను పంపివేయాలి. వారు అట్లా చేయలేదు. విమానం దిగి, ప్రయాణికులను దించి, కొత్తవారిని ఎక్కించుకొని మళ్ళీ లేవడానికి పది నిమిషాలు మించకూడదని నిశ్చయించుకొన్నారు. మూడు విమానాలతోనే నాలుగింటి పని చేయవచ్చునన్న మాట. అంతవరకు ఎవరూ వినని లెక్క అది. పైలట్లు, ఎయిర్ హోస్టెస్‌లు కూడా ఇది మా పని కాదనక, సీట్ల మధ్య చెత్త ఏరి కాబిన్ శుభ్రం చేశారు. నా ఒక్కగానొక్క విమాన ప్రయాణంలో, దిగబోయే ముందు ఆ పిల్లలు సంచులు పట్టుకొని వరుస వరుసకూ వచ్చి ఖాళీ కప్పులు అడిగి తీసుకోవడం చూసి, ఇంత తొందరేమిటో అనుకొన్నాను. ఆ తొందర చరిత్ర నాకు ఈ పుస్తకాలు చదివిన తరువాతనే తెలిసినది.

ఈ సంస్థ గురించి నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉన్నది. వారి ధ్యేయం ఏమి చేయాలో చెప్పినదానికంటె ఏమి చేయకూడదో ఎక్కువగా చెప్పినది. భోజనం పెట్టము. ముందుగా సీటు నంబరు ఇవ్వము. బోయింగ్ 737 తప్ప మరొక రకం విమానం నడపము. ఒకే రకం విమానమైతే పైలట్లకు ఒకే శిక్షణ చాలును, మెకానిక్కులకు ఒకే రకం విడిభాగాలు చాలును, ఒక విమానం చెడిపోతే మరొకటి దాని స్థానంలో నిలుస్తుంది. చౌక ఛార్జీ అన్న ఒక్క మాటకు కట్టుబడినందువలన ఈ నిర్ణయాలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఉద్యోగిని గౌరవిస్తే ఉద్యోగి ప్రయాణికుని గౌరవిస్తాడని, కనుక ఉద్యోగిదే మొదటి స్థానమని కెలెహర్ బహిరంగంగానే చెప్పేవారు. 1973 నుండి 2019 దాకా, నలభై ఏడు సంవత్సరాలు వరుసగా ఆ సంస్థకు లాభమే వచ్చినది. విమానయానంలో ఇది అరుదైన విషయం.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2022 డిసెంబరులో మంచు తుపాను వచ్చినప్పుడు, ఏ పైలటు ఏ ఊరిలో ఉన్నాడో లెక్క చూసే పాత కంప్యూటరు ఏర్పాటు కుప్పకూలి, పదహారు వేలకు పైగా సర్వీసులు రద్దయినవి. క్రిస్మస్ పండుగకు ఇళ్ళకు బయలుదేరిన జనం విమానాశ్రయాలలో నేల మీద పడుకొన్నారు. ఆ ఏర్పాటు పాతబడినదని ఉద్యోగులు అంతకుముందు ఎన్నోసార్లు మొరపెట్టుకొన్నారట. ఉద్యోగికే మొదటి స్థానం అన్న సంస్థలో ఉద్యోగి మాట ఎవరూ చెవిన పెట్టలేదు. 2025లో తన చరిత్రలో తొలిసారిగా పెద్ద యెత్తున ఉద్యోగులను తొలగించినది. సామాను ఉచితం అన్న ప్రఖ్యాతమైన వాగ్దానాన్ని కూడా అదే సంవత్సరం విడిచిపెట్టినది. విడువక తప్పని పరిస్థితి కావచ్చును. గోడ మీది వాక్యం అక్షరం మారకుండా ఉండగానే లోపల మనుషులు దానిని మరచిపోగలరని మాత్రం నాకు అర్థమైనది.

మన కర్ణాటకలోనే జరిగిన మూడవ కథను క్లుప్తంగా చెబుతాను. సైన్యంలో కెప్టెనుగా పనిచేసి వచ్చి, హాసన్ జిల్లాలో వ్యవసాయం చేసుకొన్న జి.ఆర్. గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ ప్రారంభించారు. సామాన్యుడే దాని గుర్తు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన ఆ గళ్ళ కోటు సామాన్యుని బొమ్మనే వారు చిహ్నంగా పెట్టుకొన్నారు. ఒక్క రూపాయికి టికెట్ అన్న మాట అప్పుడే విన్నాము. మన ఊళ్ళలో మొదటిసారి విమానమెక్కినవారు ఎందరో ఆ విమానాలలోనే ఎక్కారు. డబ్బు చాలక అది 2007లో కింగ్‌ఫిషర్ సంస్థ వారితో చేయి కలపవలసి వచ్చినది. ఒకరిది సామాన్యుని విమానం, రెండవది విలాసాన్ని అమ్ముకొనే విమానం. ఆ వియ్యం ఎన్నాళ్ళు నిలుస్తుంది? 2012 అక్టోబరుకు కింగ్‌ఫిషర్ విమానాలు పూర్తిగా నేల మీదనే ఆగిపోయినవి. ఎయిర్ డెక్కన్ ధ్యేయం మంచిదే, చేతిలో ధనమే చాలలేదు. ఆశయం ఉంటే చాలు అన్నీ అవే వస్తాయని పిల్లలకు చెప్పే మనబోటివారం ఈ కథను దాచిపెట్టకూడదు.

ఇప్పుడు మన సంగతి. మన పాఠశాల తొలి సంవత్సరాల ఖర్చుల పుస్తకం బీరువాలో భద్రంగా ఉన్నది. సంచిక కోసం దుమ్ము దులిపి తెరిచాను. అందులో ధ్యేయం అన్న మాట ఎక్కడా లేదు. నెల నెలా ఒక పద్దు ఉన్నది: లాంతర్లకు కిరోసిన్. పగలు కూలికి పోయే పిల్లలకు రాత్రి పూట అక్షరాలు నేర్పినందుకు అయిన ఖర్చు అది. ఉపాధ్యాయుల జీతాలు సగమే చెల్లించిన నెలలో సైతం ఆ పద్దు మానలేదు. పుస్తకం మూసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

నేను ఈ పాఠశాలలో చేరిననాడు ప్రతి తరగతికీ రెండు విభాగాలుండేవి. నేడు ఒక్కటే, అదీ నిండుగా లేదు. మన తెలుగు మాధ్యమాన్ని తీసివేసి ఆంగ్ల మాధ్యమం పెడితే పిల్లలు వస్తారని పాలకవర్గంలో కొందరు, తల్లిదండ్రులలో చాలా మంది అంటున్నారు. వారిని నేను తప్పుపట్టను. నా కూతురు కూడా తన బిడ్డను ఏ మాధ్యమంలో వేస్తుందో నేను హామీ ఇవ్వలేను. ఆరవ తరగతిలో చేరే నాటికి తెలుగూ చదవలేక, కన్నడమూ చదవలేక, ఆంగ్లమూ చదవలేక వస్తున్న పిల్లలను చూస్తున్నాను. వారిని వెనుక బెంచీలో వదలివేయకుండా, ఆ మూడు భాషలనూ చదివించి పంపడమే మన పని అని నేను అనుకొంటున్నాను. అది ఒప్పుకొంటే కొన్ని పనులు మానుకోవలసి వస్తుంది. ఫలితాల శాతం కోసం తొమ్మిదవ తరగతిలో బలహీనులను ఆపివేయడం మానాలి. సాయంత్రం ఒక గంట బడి తెరిచి ఉంచాలి. ఆ గంట ఖర్చు ఎవరు భరించాలో తేల్చుకోవాలి. మా ఉపాధ్యాయులు ఇప్పటికే భారం మోస్తున్నారు. వారిని అడగకుండా నేను మాట ఇవ్వలేను.

కనుక సంచిక మొదటి పుటకు నేను వ్రాసి తెచ్చినది ఏమీ లేదు. కమిటీ వారు క్షమించాలి. తల్లిదండ్రులకు ఈ సభ తరువాత ఒక కాగితం ఇస్తారు. మీ బిడ్డ ఈ బడి నుండి ఏమి నేర్చుకొని బయటకు రావాలని కోరుతున్నారో, అందుకు మీరు వారంలో ఎన్ని గంటలు ఇవ్వగలరో రెండు ప్రశ్నలే అందులో ఉన్నవి. చదువు రానివారు పిల్లలచేత వ్రాయించినా సరే. పూర్వ విద్యార్థులకు వేరే కాగితం ఉన్నది, సాయంత్రపు గంటకు వచ్చి కూర్చోగలిగినవారు అందులో పేరు, వీలైన రోజు వ్రాయండి. సోమవారం లోగా కార్యాలయంలో అందజేస్తే మంగళవారం ఉపాధ్యాయుల సమావేశంలో ముందు పెడతాను.

 భోజనాలు సిద్ధంగా ఉన్నవని చెబుతున్నారు.